ముత్తుకూరు కూడా ఫారినే

మా జిరాక్సు మిషను మూతేస్తే
సందులోంచి పచ్చగా ఒక వెలుగు పాకతాది.
ఎవురెవురి మొహాలో దాని మీద బోర్లా పడుకొని లేచినాయి.
డబ్లిను పొయ్యే మార్కుల లిస్టులు,
మెల్‌బోర్ను పొయ్యే బ్యాంకు పుస్తకాలు,
సంతకం తప్పై ఇంకోసారి బస్సెక్కిన కాయితాలు.
పాస్‌పోర్టు ఫోటోలో ఎవురూ నవ్వరు.
ఆ నవ్వు కౌంటరు ఇవతల నిలబడి
"అక్కా, రెండు పక్కలా తియ్యి" అంటాది.

ఆ వరసలో ఒకనాడు
చిసోమో బండా వచ్చింది.
మలావి పాస్‌పోర్టు,
చేపల కాలేజీ అడ్మిషను కాయితం,
చేరాల్సిన చోటు: ముత్తుకూరు.
ఇరవయ్యేళ్ళుగా ఈ ఊరి పేరు
'ఎక్కడి నుంచి' గడిలోనే చూసినా.
'ఎక్కడికి' గడిలో చూడ్డం అదే మొదలు.
మీట నొక్కడం మర్చిపోయి
ఊరికే నిలబడినా.

చిసోమో అంటే కృప అంట.
మా వీధిలో కృపమ్మలు ముగ్గురుండారు,
నాలుగో ఆమె అయింది.
పిల్లకాయలు ఆమె జడపాయలు లెక్కబెట్టినారు.
బస్సులో ఆమె పక్క సీటు
ఎంత రద్దీలోనూ ఖాళీగా మిగిలేది.
అద్దెకని అడిగితే మూడు గడపలు లేదన్నాయి,
నాలుగోది మాది.
ఇవి వదిలేసి అంతా బాగుందని చెప్తే
నా మిషను గూడా ఒప్పుకోదు,
అది మరకని మరకలాగే దించతాది.

"ఏం చూసి వచ్చినావమ్మే మా ఊరికి?"
అన్నా ఒక దినం, రొయ్యలు వలస్తా.
వచ్చీరాని తెలుగు, చేతులు, కొంచెం ఇంగ్లీషు.
వాళ్ళ ఊరి సరస్సుకు అవతలి గట్టు కనపడదంట.
చేప మాత్రం ఏటికేడు చిన్నదవతా ఉందంట.
ఇక్కడ గుంటలో పంట తీస్తారని
వాళ్ళ మాస్టరు నల్లబల్ల మీద
ఒక చతురస్రం గీసి చూపించినాడంట.
ఆ సుద్దముక్క గీత కోసం
మూడు ఇమానాలు మారింది.
ఇంకోటి గొంతు తగ్గించి చెప్పింది:
"ఇక్కడ నేను ఎవరి కూతురో ఎవరికీ తెలీదు.
అది భలే రుచిగా ఉందక్కా.
కొన్నాళ్ళు."
రాత్రిళ్ళు ఏరేటర్లు నీళ్ళు చిలకతా ఉంటే
సరస్సు అనుకొని నిద్రపోయేదంట.
కరెంటు పోయిన రాత్రి మాత్రం
లేచి కూర్చునేది.

మొహర్రం నెలలో రొట్టెల పండగొచ్చింది.
పిండి నేను కలిపినా, రొట్టెలు ఆమె తట్టింది,
అరచెయ్యంత మందం.
నెల్లూరు స్వర్ణాల చెరువులో మోకాటిలోతు జనం.
పెళ్ళి రొట్టె! ఉద్యోగం రొట్టె! ఆరోగ్యం రొట్టె!
కోరిక తీరినోళ్ళు ఇస్తారు,
తీరాల్సినోళ్ళు పుచ్చుకుంటారు.
బుచ్చిరెడ్డిపాళెం పిల్ల, చరిష్మ,
ఐర్లండు నుంచి రెండుసార్లు కాదనిపించుకున్న ఫైలు,
గొంతు బొంగురుపోయిందాకా అడగతా ఉంది:
"ఫారిన్ చదువు రొట్టె ఎవరికాడుంది?"
చిసోమో భుజం పట్టి ముందుకు నెట్టినా.
"ఆమే పరాయి దేశం పిల్ల గదా,
ఆమె ఇంక యాడికి పోయింది ఫారిను?"
ఎవురో పకపక నవ్వినారు.
"పోలా. వచ్చింది. ఈడికే" అన్నా.
చరిష్మ నన్ను చూసింది, ఆమెను చూసింది,
తన కాళ్ళకింది బురద నీళ్ళను
మొదటిసారి చూసినట్టు చూసింది.
ఆనక చున్నీ చాపింది.
దాని వీసా వచ్చిందో లేదో తెలీదు,
మళ్ళీ మా అంగడికి రాలా.

తనకూ ఒకటి కావాలనింది చిసోమో.
బోర్డులు చదవలేదు గదా,
కేకల్లో తెలిసిన మాట ఏరుకొని
ఇంటి రొట్టె కాడ ఆగింది.
అది సొంతిల్లు కట్టుకునేవాళ్ళది.
ఇంటికి పోను అనుకొనింది.
నేను సరిదిద్దలా.

తిరుగు బస్సులో సగం విరిచి నాకు పెట్టింది.
కోరిక తీరితే మళ్ళా ఇదే చెరువుకొచ్చి
రొట్టె ఇయ్యాలని
అప్పుడు చెప్పినా.
నమిలేది ఆపి
వేళ్ళ మీద
ఇమానం ఛార్జీలు లెక్కబెట్టుకుంటా కూర్చునింది.